వాగ్దానం ముందు, వస్తువు తరువాత

కంప్యూటరును నడిపించే ఆపరేటింగ్ సిస్టము చెప్పిన నాటికి ఎందుకు రాదు? వచ్చిన తరువాత పాత ఖాతాదారు దానికి ఎంత చెల్లించాలి? అరవై ఏళ్ళ చరిత్ర చెబుతున్న జవాబు.

2006 మార్చి 21వ తేదీన మైక్రోసాఫ్ట్ సంస్థ ఒక ప్రకటన వెలువరించింది. ప్రపంచంలోని వ్యక్తిగత కంప్యూటర్లలో అత్యధిక భాగాన్ని నడిపిస్తున్న విండోస్‌కు కొత్త రూపమైన ‘విస్టా’ ఆ ఏడాది చివరి పండుగల నాటికి దుకాణాలకు చేరదనీ, గృహ వినియోగదారులు 2007 జనవరి వరకు ఆగవలసి ఉంటుందనీ దాని సారాంశం.

చూడడానికి అది రెండు నెలల జాప్యమే. కాని అమెరికాలో క్రిస్మస్ ముందరి వారాలంటే మన దసరా, దీపావళి, సంక్రాంతి బేరాలు మూడూ ఒక్కచోట కలిసినట్లు. కంప్యూటర్లు తయారుచేసే కంపెనీలు ఏడాది లెక్కలన్నీ ఆ కొద్ది వారాల మీదనే వేసుకుంటాయి. కొనవచ్చిన మనిషి “కొత్తది వచ్చాకే కొందాం” అని వెనుదిరిగితే నష్టం వారిది. వెనుదిరగక పాత సిస్టముతో ఉన్న యంత్రాన్నే ఇంటికి తీసుకుపోతే, మూడు నెలలకే అది పాతబడిందన్న బాధ కొన్నవాడిది.

ఈ చిక్కుకు కంపెనీ ఒక ఉపాయం కనిపెట్టింది. 2006 అక్టోబరు 26 మొదలు 2007 మార్చి 15 వరకు నిర్ణీత రకాల కంప్యూటర్లు కొన్నవారికి, విస్టా వచ్చిన తరువాత దానిని ఉచితంగానో, తగ్గింపు ధరకో అందజేస్తామని మాట ఇచ్చింది. అనగా ఇంకా పుట్టని వస్తువుకు ముందుగానే రశీదు చేతికిచ్చారన్నమాట.

ఆలస్యం ఎందుకు జరిగిందన్నది ఒక ప్రశ్న. మారడానికి ఎంత చెల్లించాలన్నది మరొక ప్రశ్న. సామాన్యంగా ఈ రెంటినీ మనం వేరు వేరుగా అడుగుతాం. కాని ఆపరేటింగ్ సిస్టముల చరిత్రను కొంచెం నిదానంగా చదివితే, ఈ రెండూ ఒకే నాణేనికి బొమ్మాబొరుసులని తెలుస్తుంది. నిరీక్షణ కూడా వెలలో ఒక భాగమే. దానిని పెట్టెమీద అచ్చువేయరు, అంతే తేడా.

పెళ్ళిపెద్ద వంటి ప్రోగ్రాము

ముందుగా ఆపరేటింగ్ సిస్టము అంటే ఏమిటో చెప్పుకోవాలి. పెళ్ళివారింట వంటవాళ్ళు ఉంటారు, మేళగాళ్ళు ఉంటారు, పురోహితుడు ఉంటాడు, పందిరి వేసేవాళ్ళు ఉంటారు. ఎవరి పని వారికి వచ్చును. అయినా ఎవరికి ఏ గది ఇవ్వాలో, ఏ సామాను ఎప్పుడు ఎవరి చేతికి అందాలో చూసే పెద్ద ఒకడు లేకపోతే ముహూర్తం తప్పిపోతుంది. కంప్యూటరులో ఆ పెద్దరికం ఆపరేటింగ్ సిస్టముది. ఉత్తరాలు టైపు చేసే ప్రోగ్రాము, లెక్కలు కట్టే ప్రోగ్రాము, పాటలు వినిపించే ప్రోగ్రాము ఇవన్నీ మెమరీలో చోటుకోసం, తెరకోసం, ప్రింటరుకోసం దానినే ఆశ్రయించాలి.

అటువంటి పెద్దను మార్చడం తేలిక కాదు. కొత్తగా వచ్చే సిస్టము పాత ప్రోగ్రాములన్నిటినీ గుర్తుపట్టాలి. ఎన్నడో కొన్న ప్రింటరును కూడా పనిచేయించాలి. ఎక్కడో ఒక చిన్న కార్యాలయంలో జీతాల పట్టీ తయారుచేసే ప్రోగ్రాము దానివల్ల ఆగిపోకూడదు. విస్టాలో సుమారు 5 కోట్ల పంక్తుల ఆదేశాలు ఉన్నాయని ఆనాటి పత్రికలు లెక్క చెప్పాయి. ఆ పంక్తులలో ఒకదాన్ని మారిస్తే దూరాన ఉన్న వేరొకటి ఎట్లా మారుతుందో ముందుగా ఊహించడం ఎవరి తరమూ కాదు. పరీక్షించి చూడవలసిందే. పరీక్షకు కాలం కావాలి.

ఇంకొక సంగతి. వేరే ప్రోగ్రాము ఏదైనా ఆలస్యమైతే దానిని వాడేవారికి మాత్రమే ఇబ్బంది. ఆపరేటింగ్ సిస్టము ఆలస్యమైతే దానిపై ఆధారపడిన యంత్రాలవారు, ప్రోగ్రాములవారు, దుకాణదారులు, కొనుగోలుదారులు అందరూ వరుసగా ఆగిపోతారు.

మనుషులు పెరిగితే పని పెరిగింది

ఈ జాడ్యం విండోస్‌తో పుట్టింది కాదు. 1964 ఏప్రిల్ 7న ఐబీఎం సంస్థ ‘సిస్టమ్ 360’ అనే కంప్యూటర్ల కుటుంబాన్ని ప్రకటించింది. అంతవరకు ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్క భాష. దీనితో చిన్న యంత్రం మీద రాసిన ప్రోగ్రాము పెద్ద యంత్రం మీద కూడా నడుస్తుందన్నారు. యంత్రాలు తయారైనాయి. వాటిని నడిపించవలసిన ‘ఓఎస్ 360’ మాత్రం గడువుకు రాలేదు. వచ్చినప్పుడు అనుకున్నదానికన్న ఎక్కువ మెమరీ తిన్నది. ఖర్చు అంచనాలను ఎన్నో రెట్లు మించింది. కొన్ని విడుదలలు గడిచేదాకా దాని నడక కుదుటపడలేదు.

ఆ నిర్మాణానికి నాయకత్వం వహించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ ఈ అనుభవాన్ని దాచుకోలేదు. 1975లో ‘ది మిథికల్ మ్యాన్ మంత్’ అనే గ్రంథంగా ప్రచురించాడు. 1963 నుండి 1966 వరకు ఆ సిస్టము మీద సుమారు 5000 మానవ సంవత్సరాల శ్రమ ఖర్చయి ఉంటుందని ఆయన అంచనా. అంటే ఒక్క మనిషి చేయవలసివస్తే 5000 ఏళ్ళు పట్టే పని. మరి 5000 మందిని పెడితే ఒక్క ఏడాదిలో అయిపోతుందా? కాదన్నదే బ్రూక్స్ నేర్చిన పాఠం. వెనుకబడిన ప్రోగ్రాము పనికి కొత్త మనుషులను జోడిస్తే అది మరింత వెనుకబడుతుందని ఆయన తేల్చాడు.

దీనిలోని కారణం వ్యవసాయం తెలిసినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. కోతకు పదిమంది బదులు ఇరవైమంది వస్తే పొలం త్వరగా కోయవచ్చు. ఎవరి మడి వారిది. కాని ఒక్క కావ్యాన్ని ఇరవైమంది పంచుకుని రాయలేరు కదా! ప్రతివాడూ మిగిలిన పందొమ్మిదిమంది ఏం రాశారో చదవాలి. కొత్తగా వచ్చినవాడికి పాతవాడు తన పని మానుకుని కథంతా చెప్పాలి. చెప్పుకోవడంలోనే పొద్దు వాలిపోతుంది.

ఆ రోజులలో వెల మాటేమిటి? ఐబీఎం యంత్రంతోపాటే సాఫ్ట్‌వేరును కూడా ఇచ్చేది. దానికంటూ వేరు ధర లేదు. 1969 జూన్‌లో ఆ సంస్థ చాలా ప్రోగ్రాములకు, సేవలకు విడివిడిగా వెల కడతామని ప్రకటించింది. కంటికి కనిపించని సూచనల మూట కూడా బియ్యం, బట్టలవలె అమ్మకపు సరుకు అన్న భావన ఆ తరువాతనే బలపడింది. 1976 ఫిబ్రవరిలో అప్పటికింకా ఇరవై ఏళ్ళు దాటినవాడైన బిల్ గేట్స్, తమ ప్రోగ్రామును డబ్బివ్వకుండా నకలు తీసుకుంటున్న ఔత్సాహికులను మందలిస్తూ ఒక బహిరంగ లేఖ రాశాడు. ప్రోగ్రాము రాసినవాడికి కూలి దక్కాలన్నది ఆయన వాదన. న్యాయమైన వాదనే. అయితే కూలి ముందా, పని ముందా అనే ప్రశ్న అక్కడినుంచే మొదలైంది.

ఆలూ లేదు, చూలూ లేదు

“ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం” అన్న సామెత మనకుంది. ఆంగ్లేయ ప్రపంచంలో దీనికి 1980ల తొలినాళ్ళలో ‘వేపర్‌వేర్’ అనే మాట పుట్టింది. ఆవిరి సరుకు అని అర్థం. ఘనంగా ప్రకటించి, చేతికందకుండా గాలిలో తేలిపోయే సాఫ్ట్‌వేరన్నమాట.

మొట్టమొదటి విండోస్‌నే చూడండి. మైక్రోసాఫ్ట్ దానిని 1983 నవంబరు 10న న్యూయార్కులో ప్రకటించింది. వినియోగదారుల చేతికి 1985 నవంబరు 20న అందింది. వెల 99 డాలర్లు. ఆలస్యం నిండా రెండేళ్ళు.

తయారుకాని వస్తువును ఎందుకు ప్రకటించాలి? కొనబోయేవాడి చేతిని పట్టి ఆపడానికి. “మా సరుకు వస్తోంది, తొందరపడి పక్క దుకాణంలో కొనవద్దు” అని చెప్పడానికి. ప్రకటనకు పైసా ఖర్చు లేదు, పోటీదారుకు మాత్రం ఆ రెండేళ్ళ బేరం పోతుంది. ఈ అంశం న్యాయస్థానాల దాకా వెళ్ళింది. 1995 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి స్టాన్లీ స్పోర్కిన్, మైక్రోసాఫ్ట్‌కూ అమెరికా ప్రభుత్వానికీ మధ్య కుదిరిన రాజీని ఆమోదించడానికి నిరాకరించినప్పుడు, ఇటువంటి ముందస్తు ప్రకటనలను కూడా వేలెత్తి చూపారు. అదే ఏడాది జూన్‌లో పై న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని తోసిపుచ్చింది.

రెండు నెలలకు, 1995 ఆగస్టు 24న, విండోస్ 95 విడుదలైంది. ‘షికాగో’ అనే మారుపేరుతో పెరిగిన ఆ సిస్టము కూడా మొదట అనుకున్న కాలానికి రానిదే. అయినా అర్ధరాత్రి దుకాణాల ముందు జనం బారులు తీరారు. న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ భవనానికి విండోస్ రంగుల దీపాలంకరణ చేశారు. లండన్‌లో ‘ది టైమ్స్’ దినపత్రిక ఆనాటి సంచికను మైక్రోసాఫ్ట్ సొమ్ముతో పాఠకులకు ఉచితంగా పంచిపెట్టారు. పాత విండోస్ ఉన్నవారు మారడానికి నిర్ణయించిన వెల సుమారు 109 డాలర్లు, పాతది లేనివారికి 209. నిరీక్షణ ఆకలిని పెంచుతుందని వ్యాపారులు ఆనాడు కళ్ళారా చూశారు. పదేళ్ళ తరువాత అదే నిరీక్షణ ఆకలిని చంపగలదని కూడా చూశారు.

రెండు కొండల నడుమ విడిది

విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబరు 25న బయటికి వచ్చింది. తయారీ కాలంలో దాని మారుపేరు ‘విజ్లర్’. దాని తరువాత రావలసిన మహానిర్మాణానికి ‘బ్లాక్‌కోంబ్’ అని పేరు. రెండూ కెనడాలోని మంచుకొండల పేర్లు. ఈ రెండు కొండల మధ్య కాస్త సేదతీర్చుకునే విడిదిగా ఒక చిన్న సిస్టమును తేవాలనుకున్నారు. ఆ కొండల వద్దనే ఉన్న ఒక పానశాల పేరుమీద దానికి ‘లాంగ్‌హార్న్’ అని పేరు పెట్టారు. 2003 చివరకు పూర్తికావలసిన చిన్న పని అది.

విడిది కాస్తా కోటగా పెరిగింది. 2003 అక్టోబరులో లాస్ ఏంజలెస్‌లో జరిగిన సదస్సులో లాంగ్‌హార్న్‌ను మూడు గొప్ప స్తంభాలమీద నిలబెడతామన్నారు. తెరమీది చిత్రాలకు ‘ఎవలాన్’, యంత్రాల మధ్య సంభాషణకు ‘ఇండిగో’, దస్త్రాలను అర్థాన్నిబట్టి వెతికి తీసే భాండాగారానికి ‘విన్ఎఫ్ఎస్’.

ఇంతలో ఇంటికి చెదలు పట్టింది. 2003 జనవరిలో ‘స్లామర్’, ఆగస్టులో ‘బ్లాస్టర్’ అనే చెడు ప్రోగ్రాములు దేశదేశాల కంప్యూటర్లలోకి పాకాయి. కొత్త ఇల్లు కడుతున్న మేస్త్రీలను పాత ఇంటి గోడలు బాగుచేయడానికి పిలవక తప్పలేదు. వారి శ్రమ ఫలితంగా 2004 ఆగస్టులో ఎక్స్‌పీకి రెండవ సర్వీస్ ప్యాక్ ఉచితంగా వచ్చింది. ఖాతాదారుల రక్షణ దృష్ట్యా అది సరియైన నిర్ణయమే. కాని లాంగ్‌హార్న్ పని ఆ మేరకు కుంటుపడింది.

అదే ఆగస్టులో అసలు దెబ్బ తగిలింది. అంతవరకు కట్టినది పొందికగా నిలబడడంలేదని గ్రహించి, విండోస్ విభాగం మరింత దృఢమైన సర్వరు సిస్టమును పునాదిగా తీసుకుని పనిని దాదాపు మొదటినుంచి ప్రారంభించింది. ఎంతో ఊరించిన విన్ఎఫ్ఎస్‌ను పక్కకు పెడుతున్నామనీ, విడుదల 2006లోననీ ప్రకటించింది. 2005 జూలైలో ‘విస్టా’ అని నామకరణం జరిగింది. ఆ పైన 2006 మార్చిలో, ఈ వ్యాసారంభంలో చెప్పిన చివరి వాయిదా.

వ్యాపార సంస్థలకు 2006 నవంబరు 30న, సామాన్యులకు 2007 జనవరి 30న విస్టా అందింది. ఎక్స్‌పీ వచ్చిన ఐదేళ్ళ మూడు నెలలకు. ఈ ఐదేళ్ళలో లక్షలాది మంది ఎక్స్‌పీకి అలవాటుపడిపోయారు. బ్రూక్స్ చెప్పని పాఠం ఒకటి ఇక్కడ ఉన్నది. సాఫ్ట్‌వేరు బట్టవలె చిరగదు, చెప్పువలె అరగదు. ఆలస్యమైన కొద్దీ కొత్త సిస్టముకు అసలు పోటీదారు పొరుగు కంపెనీ కాకుండా తన సొంత అన్నగారే అవుతాడు.

వెల పట్టికలోని లోగుట్టు

ఇప్పుడు వెల సంగతి. అమెరికాలో విస్టాను గృహస్థులకు, వ్యాపారులకు పలు తరగతులుగా అమ్మారు. అన్నిటికన్న తక్కువదైన ‘హోమ్ బేసిక్’ పూర్తి ధర 199 డాలర్లు, పాత విండోస్ ఉన్నవారికి దాదాపు 100. ‘హోమ్ ప్రీమియం’ 239, మారేవారికి 159. ‘బిజినెస్’ 299, మారేవారికి 199. అన్నిటికన్న పైదైన ‘అల్టిమేట్’ 399, మారేవారికి 259. ఆనాటి మారకపు విలువలో 239 డాలర్లంటే పదివేల రూపాయల పైమాట.

ప్రకటనలలో చూపిన గాజుపలకల వంటి అందమైన తెర హోమ్ బేసిక్‌లో లేదు. ఆ అందం కావాలంటే పై తరగతి కొనవలసిందే. బొమ్మ చూసి బండి ఎక్కినవాడు, సీటుకు వేరే టిక్కెట్టు అంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉండింది చాలామందికి.

పాత ఖాతాదారుకు రాయితీ ఎందుకిస్తారు? ఒకటి, అతడు ఇదివరకే సొమ్ము చెల్లించినవాడు. రెండు, అతని ఇంట్లో పనిచేసే వస్తువు ఒకటున్నది కనుక తక్కువకిస్తే తప్ప కదలడు. కాని ఈ రాయితీకి ఒక షరతు ఉన్నది. అంతకుముందు మారకపు ధరకు కొన్నవాడు పాత విండోస్ డిస్కును చూపిస్తే చాలు, కొత్తది ఖాళీ యంత్రంలోనైనా ఎక్కేది. విస్టాలో మాత్రం పాత విండోస్ ఆ యంత్రంలో నిజంగా నెలకొని ఉండాలన్నారు. యంత్రం చెడి హార్డ్‌డిస్కు మార్చవలసివస్తే, ముందు పాతది ఎక్కించి, దానిపైన మళ్ళీ కొత్తది ఎక్కించాలి. మిగిలిన 80 డాలర్లకు బదులుగా కొన్నవాడు తన సాయంకాలాన్ని చెల్లించుకున్నాడు.

ఇంతకన్న బరువైన భారం యంత్రానిది. విస్టా ఆలస్యమవుతుండగా, 2006 ఏప్రిల్ నుంచి కొత్త కంప్యూటర్లమీద ‘విస్టాకు సమర్థం’ అన్న అర్థమిచ్చే చీటీలు అతికించి అమ్మారు. వాటిలో కొన్ని హోమ్ బేసిక్‌ను తప్ప పై తరగతుల అందాన్ని మోయలేకపోయాయి. 2007లో సియాటిల్ నగరపు ఫెడరల్ న్యాయస్థానంలో కొనుగోలుదారులు దావా వేశారు. ఆ విచారణలో బయటపడిన కంపెనీ అంతరంగిక లేఖలు ఆసక్తికరమైనవి. మైక్రోసాఫ్ట్ ఉన్నతోద్యోగి ఒకరు, తాను 2100 డాలర్లు పోసి కొన్న యంత్రం ఉత్తరాలు చూసుకోవడానికి తప్ప పనికిరావడం లేదని అందులో వాపోయారు. ఇల్లు కట్టినవాడికే గుమ్మం తగిలితే, అద్దెకు వచ్చినవాడి తలమాట చెప్పేదేమున్నది? 2008లో ఆ దావాను సామూహిక వ్యాజ్యంగా అంగీకరించిన న్యాయస్థానం 2009లో ఆ హోదాను తొలగించింది.

విస్టా వెల కూడా నిలవలేదు. 2008 ఫిబ్రవరిలో అల్టిమేట్ పూర్తి ధరను 399 నుంచి 319కి, హోమ్ ప్రీమియం మారకపు ధరను 159 నుంచి 129కి తగ్గిస్తున్నట్లు ప్రకటించారు. 2009 అక్టోబరు 22న విండోస్ 7 వచ్చింది. దానికి ముందు, జూన్, జూలై నెలలలో అమెరికాలో రెండు వారాలపాటు, ముందుగా పేరు నమోదు చేసుకున్నవారికి హోమ్ ప్రీమియాన్ని దాదాపు 50 డాలర్లకే ఇచ్చారు. విస్టాకు తొలిరోజున 159 ఇచ్చిన విశ్వాసపాత్రుడు ఈ అంకెను చూసి ఏమనుకుని ఉంటాడో పాఠకులే ఊహించుకోవచ్చు. తొందరపడినవాడికి జరిమానా, ఆగినవాడికి బహుమానం.

మన అక్షరాల నిరీక్షణ

ఇదంతా దూరదేశపు దుకాణాల గొడవ, మనకేమిటి అనుకోరాదు. తెలుగు అక్షరానికి కూడా ఈ జాప్యంతో సంబంధమున్నది. ఒకప్పుడు కంప్యూటరులో తెలుగు రాయాలంటే ఒక్కొక్క సంస్థ అక్షరాలది ఒక్కొక్క పద్ధతి. ఒక అచ్చుకూటంలో టైపు చేసిన వ్యాసాన్ని మరొకచోట తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపించేవి. అనువాదం వృత్తిగా గల నాబోటివారికి ఇది నిత్యానుభవం. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒకే సంఖ్యా పద్ధతిని నిర్ణయించిన యూనికోడ్ ఈ బాధకు మందు. కాని ఆ మందు పనిచేయాలంటే ఆపరేటింగ్ సిస్టము దానిని ఎరిగి ఉండాలి.

2001లో ఎక్స్‌పీతోపాటు ‘గౌతమి’ అనే తెలుగు అక్షరరూపం వచ్చింది. గుణింతాలను, వత్తులను సక్రమంగా కూర్చే ఏర్పాటు కూడా ఉన్నది. అయితే అది యంత్రంలో తనంతట తాను మేల్కొని ఉండేది కాదు. డిస్కును పెట్టి, అమరికలలో సంక్లిష్ట లిపులకు సంబంధించిన గడిని వెతికి, దానిని ఎంచుకుంటే గాని పనిచేయదు. తెలిసినవాడు చేసుకున్నాడు. తెలియనివాడు తన కంప్యూటరుకు తెలుగు రాదనుకుని ఊరుకున్నాడు. విస్టాలో ఆ శ్రమ తప్పింది. పెట్టె తెరిచిన నాటినుంచే తెలుగు చదవవచ్చు. ఆ ఐదేళ్ళ మూడు నెలలు మన భాషలో కంప్యూటరు వాడదలచిన సామాన్యుడికి అడ్డుగా నిలిచిన కాలమని ఇప్పుడు వెనుదిరిగి చూస్తే తోస్తుంది. తెరమీది గాజు సొగసు ఆలస్యమైతే ఎవరికీ నష్టం లేదు. దానితో ముడిపడిన అక్షరం కూడా ఆగిపోవడమే నష్టం.

పొరుగింటి కథలు

పొరుగువారైన ఆపిల్ సంస్థ కథ ఇంతకన్న సాఫీగా లేదు. 1990ల మధ్యకాలంలో ‘కోప్లాండ్’ అనే కొత్త సిస్టమును ఎంతో ఊరించి, 1996 ఆగస్టులో విరమించుకున్నది. సొంత వంట కుదరక, ఆ ఏడాది డిసెంబరులో స్టీవ్ జాబ్స్ స్థాపించిన నెక్స్‌ట్ కంపెనీని కొనడానికి నిశ్చయించింది. ఆ కొనుగోలుతోనే జాబ్స్ తన పాత ఇంటికి తిరిగివచ్చాడు. నెక్స్‌ట్ పునాదిపై కట్టిన మ్యాక్ ఓఎస్ టెన్ 2001 మార్చి 24న 129 డాలర్లకు వచ్చింది.

2007 ఏప్రిల్‌లో ఆపిల్ మరొక వాయిదాను ప్రకటించింది. జూన్‌లో రావలసిన ‘లెపర్డ్’ అక్టోబరుకు జరిగింది. కారణాన్ని దాచలేదు. ఐఫోన్ పూర్తిచేయడానికి ఇంజనీర్లను అటు మళ్ళించవలసి వచ్చిందని చెప్పింది. ఆ వాయిదావల్ల ఆపిల్ పరువేమీ పోలేదు. లెపర్డ్ వెల 129 డాలర్లు. రెండేళ్ళకు వచ్చిన ‘స్నో లెపర్డ్’కు లెపర్డ్ వాడుతున్నవారినుంచి 29 డాలర్లే తీసుకున్నారు. 2013 అక్టోబరులో ‘మావెరిక్స్’ ఉచితమైంది. ఆపిల్ యంత్రాలు అమ్మి లాభం గడించే సంస్థ కనుక, వాటిని నడిపే సిస్టమును యంత్రం ధరలోనే కలుపుకోగలిగింది. 1969కి ముందరి ఐబీఎం పద్ధతి మరో రూపంలో తిరిగివచ్చిందన్నమాట.

మరి డబ్బు ప్రసక్తి లేనిచోట ఆలస్యం ఉండదా? స్వచ్ఛంద కార్యకర్తలు నిర్మించే డెబియన్ అనే ఉచిత సిస్టము 2002 జూలైలో ఒక రూపంలో వచ్చి, తదుపరి రూపానికి 2005 జూన్ వరకు సమయం తీసుకున్నది. దానినుంచి పుట్టిన ఉబుంటు, ఏప్రిల్, అక్టోబరు నెలలలో తప్పక విడుదల చేస్తామన్న నియమం పెట్టుకుని కూడా, 2006 ఏప్రిల్‌లో రావలసినదానిని జూన్‌కు జరిపింది. ఆలస్యం వ్యాపారుల దుర్బుద్ధి వల్లనే పుట్టదని దీనివల్ల తెలుస్తున్నది. అది ఈ పనిలోనే ఉన్న గుణం. అయితే డెబియన్ కోసం వేచినవాడు ఎవరికీ ముందుగా సొమ్ము కట్టలేదు, దానిని నమ్మి యంత్రమేదీ కొనలేదు. అతడు ఇచ్చింది ఓపిక మాత్రమే.

ఉచితానికీ ఖరీదున్నది

2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యనిర్వహణాధికారిగా మన హైదరాబాదులో పుట్టి, బేగంపేటలోని పబ్లిక్ స్కూలులో చదువుకున్న సత్య నాదెళ్ళ బాధ్యతలు స్వీకరించారు. ఆయన హయాంలో 2015 జూలై 29న విడుదలైన విండోస్ 10ని, విండోస్ 7, 8.1 వాడుతున్నవారికి ఏడాదిపాటు ఉచితంగా ఇచ్చారు. ఒకనాడు 159 డాలర్లు పలికిన మార్పు సున్నాకు దిగింది. విస్టా నేర్పిన పాఠం ఇందులో కనిపిస్తుంది. జనాన్ని పాతదానిలో ఉండనిస్తే కొత్తదానికి ఎన్నటికీ రారు.

2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11 కూడా విండోస్ 10 ఉన్నవారికి ఉచితమే. కాని అది ఎక్కడానికి యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా సాధనమూ, ఆ సంస్థ ఆమోదించిన జాబితాలోని ప్రాసెసరూ ఉండాలన్నారు. నాలుగైదేళ్ళ క్రితం కొని, చక్కగా పనిచేస్తున్న ఎన్నో కంప్యూటర్లు ఆ పరీక్షలో తప్పాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు రక్షణ సవరణలు ఆగిపోయాయి. మరొక్క ఏడాది, 2026 అక్టోబరు 13 వరకు, కొన్ని షరతులకు లోబడితే ఉచితంగా, లేదా 30 డాలర్లు చెల్లిస్తే సవరణలు ఇస్తామని కంపెనీ ప్రకటించింది.

ఇక్కడ చక్రం పూర్తిగా తిరిగింది. 2007లో కొత్తదానికి మారడానికి డబ్బు అడిగారు. 2025లో పాతదానిలో ఉండడానికి డబ్బు అడిగారు. మారడం ఉచితం, మారడానికి కావలసిన యంత్రం మాత్రం ఉచితం కాదు. అమెరికాలో ఒక కుటుంబానికి అది చిన్న ఖర్చు కావచ్చు. పిల్లవాడి చదువుకోసం వాయిదాల మీద కంప్యూటరు కొన్న మన మధ్యతరగతి గృహస్థుకు, పది యంత్రాలతో విద్యార్థులకు పాఠాలు చెప్పే చిన్న పట్టణపు శిక్షణ కేంద్రానికి అది అంత తేలికైన మాట కాదు. చెడిపోని యంత్రాన్ని చెడిపోయినదిగా లెక్కకట్టమంటే మనసు ఒప్పదు. రక్షణ సవరణలు లేని యంత్రంతో బ్యాంకు వ్యవహారాలు నడపడం కూడా క్షేమం కాదు.

కొనేవాడు అడగవలసినవి

దీనికి కంపెనీలను తిట్టి ప్రయోజనం లేదు. అరవై ఏళ్ళ అనుభవం తరువాత కూడా ఇంత పెద్ద ప్రోగ్రాము ఏ తేదీకి పూర్తవుతుందో కచ్చితంగా చెప్పగల విద్య ఎవరికీ పట్టుబడలేదు. తప్పుల తడకను గడువుకు ఇవ్వడంకన్న, బాగుచేసి ఆలస్యంగా ఇవ్వడమే మేలు. ఆలస్యాన్ని క్షమించవచ్చు. ఆలస్యమవుతున్న వస్తువు పేరు చెప్పి నేటి సరుకును అమ్ముకోవడాన్ని మాత్రం కొనేవాడు కనిపెట్టి ఉండాలి.

కాబట్టి దుకాణానికి వెళ్ళినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగడం మంచిది. ఈ యంత్రంలో ఈరోజు ఏమి పనిచేస్తున్నది? రేపు వస్తుందంటున్నది రాకపోయినా దీనితో నా పని జరుగుతుందా? ఇందులోని ఆపరేటింగ్ సిస్టముకు రక్షణ సవరణలు ఏ సంవత్సరం వరకు ఇస్తామని కంపెనీ రాసి ఇచ్చింది? ఆ తరువాత ఈ యంత్రాన్ని డెబియన్, ఉబుంటు వంటి ఉచిత సిస్టముతో నడిపించుకోవచ్చునా? మూడవ ప్రశ్నకు వచ్చే సంవత్సరమే యంత్రానికి నిజమైన ఆయుర్దాయం. పెట్టెమీద వేసిన ధరను ఆ ఏళ్ళతో భాగిస్తే ఏటేటా మనం కట్టే అద్దె ఎంతో తెలుస్తుంది.

విడుదలైన మొదటి రోజునే పరుగెత్తవలసిన అవసరం గృహస్థుకు ఎన్నడూ లేదు. విస్టా కొన్నవారికి ఏడాది గడవగానే వెల తగ్గింది. విండోస్ 95 కోసం అర్ధరాత్రి నిలబడినవారికి దొరికిన వస్తువే మర్నాడు మధ్యాహ్నం తీరికగా వెళ్ళినవారికీ దొరికింది. కంపెనీలు తమకు కావలసినంత కాలం తీసుకుంటున్నాయి. ఆ హక్కును మనం కూడా వాడుకోవచ్చు.